ఓబులేసు హస్తవాసి

డాక్టర్ ఓబులేసుకు ఒకటే బాధ. తన గది ముందు రోజూ అరవై జతల చెప్పులుంటాయి. ఎదురుగదిలో డాక్టర్ మెహరాజ్ ముందు ఇరవై కూడా ఉండవు. అయినా పెద్ద డాక్టరు సాల్మన్ గారికి జ్వరమొస్తే కబురు వెళ్లింది ఆమెకే.

ఇద్దరూ ఆయన శిష్యులే. మదనపల్లె అవతల చిన్న ఆస్పత్రి. అక్కడ శిష్యరికం గురువుగారి మందుల పెట్టె మోయడంతో మొదలయ్యేది. ఓబులేసు రెండేళ్లు మోశాడు, మెహరాజ్ ఆరునెలలే. అదీ ఒక కడుపుమంట.

ఓబులేసుది మంచి హస్తవాసి అని జనం నమ్మకం. అతను చెయ్యి పట్టుకుంటే తెల్లారేసరికి జ్వరం దిగాల్సిందే. రహస్యమేమీ లేదు. జలుబు కానీ, ఒళ్లునొప్పులు కానీ, బీరువాలో ఉన్నవాటిలోకెల్లా గట్టి యాంటీబయాటిక్ మొదటి రోజే సూది వేసేస్తాడు. మెహరాజ్ అయితే "మూడు రోజులు చూద్దామమ్మా, గంజి తాగించు" అంటుంది. గంజి తాగమనే డాక్టరంటే జనానికి చులకన. మా మేనత్త సూది వెయ్యని డాక్టరు గడప రెండోసారి తొక్కేది కాదు. సరే, ఆవిడ గొడవ ఇప్పుడెందుకు.

సాల్మన్ గారికి జ్వరం తగ్గిన రోజు ఓబులేసు ఉండబట్టలేకపోయాడు.

"ఒక్క మాట సార్. నా హస్తవాసి మీద ఊరందరికీ నమ్మకముంది. మీకు లేదా?"

ఆయన నవ్వారు. "చూద్దాం. మెహరాజ్‌ను కూడా పిలువు."

ల్యాబ్ నాగమణి రెండు గాజు పళ్లేలు తెచ్చింది. క్రిములకు మేతగా వాటిలో జెల్లీ పోసి ఉంది. వార్డు తిరిగొచ్చి, చేతులు కడుక్కోకముందే ఇద్దరూ వాటి మీద వేళ్లు ఒత్తారు. నాగమణి పైన మందులు అద్దిన కాగితం బిళ్లలు పరిచింది. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి పెరగదు, గుండ్రంగా ఖాళీ మిగులుతుంది.

"పందెం కడతారా మేడమ్?" అన్నాడు ఓబులేసు.

"నాకేం సార్, బోలెడు తీరిక. పేషెంట్లంతా మీ దగ్గరే కదా."

మూడో రోజు పళ్లేలు సాల్మన్ గారి మంచం పక్కన బల్ల మీదికి వచ్చాయి. ఒకదాంట్లో ప్రతి బిళ్ల చుట్టూ ఖాళీ, తుడిచినట్టు. రెండోదాంట్లో క్రిములు మీగడలా కమ్ముకుని, ప్రతి బిళ్ల అంచుదాకా పాకి ఉన్నాయి.

ఓబులేసు రెండోదాన్ని మెహరాజ్ వైపు జరిపాడు. "ఇది మీదేనేమో."

"మూతల మీద పేర్లు మీరే రాశారు కదా సార్" అంది నాగమణి.

అతను మూత తిప్పి చూశాడు. తన దస్తూరీయే. తన పేరే.

సాల్మన్ గారు దుప్పటి భుజాల మీదికి లాక్కున్నారు.

"నాకు డెబ్బై ఒకటి, ఓబులేసూ. అయినదానికీ కానిదానికీ గట్టి సూది వేస్తే క్రిములు దానికి అలవాటుపడిపోతాయి. రేపేదన్నా వస్తే, నాకంటూ ఒక్క మందన్నా మిగలాలి కదయ్యా."

మర్నాడు పొద్దున మొదట వచ్చింది జలుబు చేసిన పిల్లను ఎత్తుకున్న తల్లి. ఓబులేసు పిల్ల గొంతు చూశాడు, ఛాతీ విన్నాడు.

"సూది వద్దమ్మా. మూడు రోజులు చూద్దాం. గంజి తాగించు."

"ఏంది సార్, మీరు గూడా ఆయమ్మ మాదిరే అయిపోయినారా?"

ఆమె విసురుగా బయటికెళ్లి, "ఈ సారు హస్తవాసి పోయిందే!" అని వరుసలో ఉన్నవాళ్లకు చెప్పి మరీ చెప్పులేసుకుంది. వెనకాలే ఇంకో రెండు జతలు కదిలాయి.

ఓబులేసు లేచి సబ్బుతో మోచేతులదాకా కడుక్కున్నాడు. ఎదురుగది గడప వైపు చూడకుండానే తర్వాతి పేరు పిలిచాడు.