తీగ మీది సంబంధం

అనగనగా ఒక అడవి, ఆ అడవి మధ్యలోంచి ఒక కరెంటు తీగ. మనుషులు ఎప్పుడో స్తంభాలు పాతి, తీగ లాగి, తర్వాత దాని సంగతే మరిచిపోయారు. అందులో కరెంటు లేదు. మీరు మాత్రం తీగల జోలికి వెళ్లకండి, ఇది కథలో తీగ.

ఆ తీగ మీద చిట్టెమ్మ అనే గోరింక సంబంధాలు కుదిర్చేది. ఊరికే కుదిర్చేది, ఒక్క గింజ కూడా పుచ్చుకునేది కాదు. జోడు కావలసినవాళ్లు ఏదో ఒక స్తంభం దగ్గరికి వచ్చి కబురు చెబితే చాలు. చిట్టెమ్మ ఈ చివర నుంచి ఆ చివరకి ఎగురుతూ వినిపించేది. చెట్టు మీద నుంచి చెప్పినా సరే, పొదలోంచి చెప్పినా సరే, ఎవరు నువ్వని అడిగేది కాదు.

ఒక్కటే తంటా. ఎవరి కబురైనా తన గొంతుతోనే చెప్పేది. దాని గొంతు పాలల్లో బెల్లం కలిపినట్టుండేది. అందుకని అందరి మాటా తియ్యగానే వినిపించేది.

ఆ అడవిలో ముక్కెర అనే పక్షి ఉండేది. పెద్ద వంకర ముక్కు, ఆ ముక్కు మీద ఒక కొమ్ము పెట్టినట్టుంటుందే, ఆ జాతి. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఇది కాస్త బుద్ధిగా వినండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

పెళ్లయ్యాక ఆడపక్షి చెట్టు తొర్రలోకి వెళ్లి కూర్చుంటుంది. బురదతో వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. లోపల గుడ్లు పెట్టి, రెక్కల ఈకలు రాల్చేసుకుంటుంది. ఇక ఎగరలేదు. మూడు నెలలూ మగపక్షే పళ్లు తెచ్చి ఆ సందులోంచి తినిపించాలి. తెచ్చాడా, తల్లీ పిల్లలూ బతుకుతారు. తేలేదా, అంతే సంగతులు. మరి అలాంటివాణ్ణి ఎంత చూసి ఎంచుకోవాలి?

ముక్కెర అక్కలందరికీ పెళ్లిళ్లయిపోయాయి. ఎండలు మొదలయ్యాయి. ఒక్కదాన్నే మిగిలిపోయాననే దిగులుతో ముక్కెర తీగ దగ్గరికి వెళ్లింది.

"నాకేమైనా కబురుందా చిట్టెమ్మా?" అని అడిగింది.

"ఒకటి కాదు, రెండున్నాయి తల్లీ," అంది చిట్టెమ్మ. మొదటిది వినిపించింది.

"నా పేరు కొండన్న. వాగు ఇవతలే ఉంటాను. నా గొంతు బాగోదు. రోజూ పొద్దున్నే మేడిచెట్టు దగ్గర పళ్లు తింటాను. వచ్చి చూసుకోవచ్చు."

చిట్టెమ్మ గొంతులో కూడా అది చప్పగానే ఉంది. "రెండోది చెప్పు," అంది ముక్కెర.

"నా పేరు మోహనరంగం. నీ రెక్కల చప్పుడు విన్న దగ్గర్నించీ నాకు మేత సహించడం లేదు. నువ్వుండే చెట్టేదో చెప్పు. దాన్నే చూస్తూ బతికేస్తాను."

ముక్కెర కరిగి నీరైపోయింది. "వాగు పక్కన మద్దిచెట్టు, పై కొమ్మ దగ్గర తొర్ర," అని వెంటనే కబురు పంపేసింది. చూశారా పిచ్చి మొద్దు.

ఆ మద్దిచెట్టు కింది కొమ్మల్లో పోలమ్మ అనే ముసలి ఉడుత ఉండేది. ముక్కెర దాన్ని పిన్నీ అని పిలిచేది. జరిగింది విని పోలమ్మ కొరుకుతున్న గింజ పక్కన పెట్టింది.

"నీ చెట్టు చెప్పావు సరే, అతనుండే చెట్టు చెప్పాడా?"

"అడగలేదు పిన్నీ."

"అడగవేం? ఒక్కసారి మేడిచెట్టు దగ్గరికి రమ్మను. ఒక్క పండు తెచ్చి నీ నోట్లో పెట్టమను. మీ వాళ్లలో ఆ పని రానివాడుంటాడా?"

ముక్కెర అలాగే కబురు పంపింది. "రెక్క బెణికింది బంగారం, నాలుగు రోజులు ఆగు," అని జవాబొచ్చింది.

నాలుగు రోజులాగి మళ్లీ పంపింది. "నలుగురిలోకి రావాలంటే నాకు సిగ్గు," అని జవాబొచ్చింది.

మూడోసారి పంపింది. ఈసారి జవాబులో కోపం ఉంది. "నమ్మకం లేని చోట ప్రేమేమిటి? రేపు ఎండ పొడ తగిలేసరికి ఈకలు తీసేసుకుని తొర్రలో కూర్చో. నోటి నిండా పళ్లతో వస్తాను. లేదంటే ఇంకో పిల్లని చూసుకుంటాను."

ముక్కెర చిట్టెమ్మ పక్కకి జరిగింది. "చిట్టెమ్మా, అతను చూడటానికి ఎలా ఉంటాడు?"

"నేనెక్కడ చూశాను తల్లీ? అవతలి చివరి స్తంభం కింద పొదలోంచి కబురొస్తుంది. మొయ్యడం వరకే నా పని."

"మరి ఆ గొంతు అంత తియ్యగా..."

"గొంతు నాదే గదా."

అప్పుడు గాని ముక్కెరకి తట్టలేదు. పది రోజుల్నించీ తను మురిసిపోయింది గోరింక గొంతుకా? సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. అయినా ఆశ ఒక పట్టాన వదులుతుందా? తెల్లారగానే తొర్రలో దూరి, ఒక ఈక పీకింది. ప్రాణం జివ్వుమంది. ఆ ఈకని ముక్కున పట్టుకుని చూసుకుంది.

'ఇవన్నీ పీకేశాక అతను రాకపోతే? నేనెలా ఎగిరేది?' అనుకుంది.

ఈకని అక్కడే వదిలేసింది. తొర్రలోంచి బయటికొచ్చి, పోలమ్మ కొమ్మల మీద గెంతుతూ వెంట రాగా, మేడిచెట్టుకి ఎగిరిపోయింది.

అక్కడ చిలకలు, పావురాలు, పిగిలిపిట్టలు, ఒకటే గోల. ఒక కొమ్మ చివర కొమ్ముముక్కు పక్షి ఒకడు కూర్చుని ఉన్నాడు. ముక్కెరని చూసి గొంతు సవరించుకున్నాడు. రంపంతో మొద్దు కోసినట్టు వచ్చింది శబ్దం.

"నేను కొండన్ననండి. మీరు వస్తారనుకోలేదు," అన్నాడు.

గబగబా ఒక పండు తెంపాడు, అది జారి కిందపడింది. ఇంకొకటి తెంపాడు, అది పోలమ్మ నెత్తిన పడింది. మూడోది జాగ్రత్తగా తెచ్చి ముక్కెర ముక్కులో పెట్టాడు. ముక్కెరకి నవ్వాగలేదు.

పోలమ్మ నెత్తి తుడుచుకుంటూ చిలకల్ని అడిగింది. "ఇతను ఎలాంటివాడర్రా?"

"పోయిన ఎండాకాలం వీళ్ల బావ పోయాడు. అక్కకీ పిల్లలకీ మూడు నెలలూ మేత మోసింది ఇతనే," అంది ఒక చిలక.

"ఒక్క పూట కూడా తప్పలేదు," అంది ఇంకొకటి.

ముక్కెర తన చెట్టు చూపిస్తానని కొండన్ననీ, వెంట పోలమ్మనీ తీసుకొచ్చింది. మద్దిచెట్టు దగ్గరికి రాగానే పక్క కొమ్మ మీదే ఆగిపోయింది. తన తొర్రలోంచి గరుకు తోక ఒకటి వేలాడుతోంది. బారెడు ఉడుము! లోపల తల దూర్చి వెతికి, ఆ ఒక్క ఈకని నోట కరుచుకుని బయటికొచ్చింది.

"మోహనరంగం గారూ, పళ్లేవండీ?" అంది పోలమ్మ.

"పళ్లు నేను తినను," అని నోరు జారింది ఉడుము. ముక్కెర వైపు చూసి నాలుక చప్పరించింది. కొండన్న గర్రుమని వెళ్లి ముక్కుతో ఒక్కటిచ్చాడు. ఉడుము దభీమని వాగులో పడి, తిరిగి చూడకుండా పోయింది.

ముక్కెర కొమ్మ మీద కూలబడింది. "నేను లోపల లేను గదా పిన్నీ," అంది. "లేవు తల్లీ, నా పక్కనే ఉన్నావు," అంది పోలమ్మ. అప్పుడు ముక్కెర నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆ పొద్దు పీల్చినంత హాయిగా ఎప్పుడూ ఊపిరి పీల్చలేదు.

సంగతి తెలిసి చిట్టెమ్మ సిగ్గుపడింది. ఆ రోజు నుంచి ముఖం చూడందే కబురు మొయ్యలేదు. మొదటిసారి కలవడం మేడిచెట్టు దగ్గరేనని అందరికీ చెప్పేది. ఇప్పుడూ ఊరికేనే, గింజ పుచ్చుకోదు.

ముక్కెర ఆ మద్దిచెట్టు మానేసి, మేడిచెట్టుకి దగ్గర్లో వేరే తొర్ర మూసుకుని కూర్చుంది. రోజూ పొద్దున బయట రంపం కోత వినిపించేది.

"నేనే, కొండన్నని."

"గొంతు సరే," అనేది ముక్కెర లోపల్నించి. "ముందు పండు కనిపించనీ."

సందులో పండు కనిపించేది. అప్పుడు నోరు తెరిచేది.

నీతి: మాట ఎంత తియ్యగా ఉన్నా, నలుగురిలో ముఖం చూపించనివాళ్లకి మీ ఇంటి దారి చెప్పకండి.