జంబులింగం మూయలేని కోట

వాగుకు అవతల, ఎర్రమట్టి దిబ్బల నడుమ ఒక పాత బట్టీ ఉండేది. ఒకప్పుడు అందులో ఇళ్ళలో పరిచే రంగుబిళ్ళలు కాల్చేవారు. ఎవరో జమీందారు తన హాలు నేల మీద ఒక రాజ్యం మొత్తం కనపడాలని ముచ్చటపడి, కోటగోడలూ బాటలూ పొలాలూ ముక్కలు ముక్కలుగా గీయించి బిళ్ళలు చేయించాడు. తీరా సరుకు తయారయ్యాక మనసు మార్చుకుని నాపరాళ్ళు పరిపించుకున్నాడు. బట్టీవాళ్ళు తల బాదుకుని, బిళ్ళల్ని గుట్టగా పోసి, తమ దారిన తాము పోయారు. మనుషులు వదిలేసిన చోటికి జంతువులు రాక మానవు.

ఆ చుట్టుపక్కల వానకు కారని చోటు ఆ బట్టీ ఒక్కటే. అందుకని వానాకాలం వచ్చిందంటే మేకలూ గొర్రెలూ కుందేళ్ళూ నక్కా అందరూ అందులోనే సర్దుకునేవారు. గడప లోపల ఎవరూ ఎవరినీ తినకూడదని తాతలనాటి కట్టుబాటు. తినడం లేదు, తిరగడానికి లేదు, బయట చూస్తే ముసురు. పొద్దుపోక అక్కడున్న బిళ్ళలతోనే ఒక ఆట కట్టారు.

ఆట సులువే. బిళ్ళల్ని బోర్లించి పెట్టి, వంతుకొకటి తీసి నేల మీద పేర్చాలి. గోడకు గోడ, బాటకు బాట, పొలానికి పొలం ఆనాలి. ఎవరు మొదలుపెట్టిన కోటలో వాళ్ళు తమ గింజ పెట్టుకోవాలి. గోడ చుట్టూ తిరిగొచ్చి కలిసిందా, కోటలో ఎన్ని బిళ్ళలుంటే అన్ని పాయింట్లు. గుట్ట అయిపోయేలోపు కలవలేదా, గుండుసున్నా.

నిన్న పుట్టిన పిల్లకు కూడా అర్థమయ్యే ఆట. అందరికీ అర్థమయ్యే చోట పెద్దరికానికి చోటెక్కడిది? ఆ లోటు నక్క జంబులింగం తీర్చాడు.

"ఇది ఆట అనుకుంటున్నారు మీరు, పిచ్చివాళ్ళు! ఇది శాస్త్రం" అన్నాడు ఒకనాడు, తోక ఒళ్ళో పెట్టుకుని. "రెండు బిళ్ళల కోట కట్టి మూసేస్తే ఏం వస్తుంది? రెండు పాయింట్లు. అదే మూయకుండా పెంచుకుంటూ పోతే?"

"పెరుగుతుంది!" అంది గొర్రె గురవమ్మ, కళ్ళు విప్పార్చి.

"అదీ! గుర్తుపెట్టుకోండి. మూస్తే ముష్టి, పెంచితే పుష్టి!"

ఆ మాట గురవమ్మ గుండెల్లో నాటుకుంది. తెల్లారేసరికి మంద మొత్తానికి పాకింది. వారం తిరిగేసరికి జంబులింగం అభిమాన సంఘం వెలిసింది, గురవమ్మ దానికి అధ్యక్షురాలైంది. సంఘం అన్నాక చీలికలు రావాలి కదా, అవీ వచ్చాయి. కోటలే ముఖ్యమనేవాళ్ళు కోటపక్షం, బాటలే ముఖ్యమనేవాళ్ళు బాటపక్షం. ఒకరు నీళ్ళు తాగిన రేవులో ఇంకొకరు తాగడం మానేశారు. కాకులు ఒక్క బిళ్ళ ముట్టకుండానే దూలం మీద కూర్చుని ప్రతి ఎత్తునూ ఎండగట్టేవి. పందికొక్కు ఒకడు గీత పడని బిళ్ళలన్నీ ఏరి బొరియలో దాచుకుని, "ఆడితే పాడైపోవూ?" అని ఎవరికీ చూపించేవాడు కాదు. తగవులు తీర్చడానికి ఏదుపంది ఏకాంబరాన్ని న్యాయనిర్ణేతగా పెట్టుకున్నారు. ఆయన తీర్పు నచ్చకపోయినా దగ్గరికెళ్ళి వాదించే ధైర్యం ఎవరికీ లేదు. అన్నీ ముళ్ళే.

ఇక అందరూ కోటలు పెంచేవారు, ఎవరూ మూసేవారు కాదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆట చివరికి అందరికీ సున్నాలే వచ్చేవి. జంబులింగానికి మాత్రం ఇరవయ్యో ముప్పయ్యో వచ్చేవి. ఎలాగంటే, గుట్ట అడుగంటే వేళకు వాడు మెల్లిగా "మొన్న బాటపక్షం వాళ్ళు కోటపక్షాన్ని ఏదో అన్నారట" అనేవాడు. అంతే, కొమ్ములు కొమ్ములు తగులుకునేవి. ఆ దుమ్ములో వాడు చడీచప్పుడు లేకుండా తన కోట మూసేసుకునేవాడు. దుమ్ము అణిగాక అభిమానులు కోట చూసి, "ఎంత పెంచారు గురువుగారూ!" అని పొంగిపోయేవారే కానీ, మూసి ఉన్న సంగతి ఎవరి కంటా పడేది కాదు.

మృగశిర కార్తె దగ్గరపడింది. జంబులింగానికి పోయిన వానాకాలం గుర్తొచ్చింది. ఒక పక్క మేకపోతు గడ్డం ముక్కులో దూరేది. ఇంకో పక్క ఏకాంబరం నిద్రలో ఒత్తిగిలినప్పుడల్లా వీపులో నాలుగు ముళ్ళు దిగేవి. ఇంతటి శాస్త్రవేత్త ఇలా పడుకోవలసినదేనా అనుకున్నాడు. సంఘం సభ పెట్టించాడు.

"ఈసారి పోటీ పెడదాం. గెలిచినవాళ్ళకు వానలు వెలిసేదాకా బట్టీ సొంతం. ఉత్త చప్పట్ల కోసం ఆడితే ఆటకు ఏం గౌరవం?"

మందలో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. గురువుగారి సూత్రం తన దగ్గర ఉంది కాబట్టి బట్టీ తనకే వస్తుందని ప్రతి గొర్రే లోపల్లోపల లెక్క కట్టుకుంది. అప్పుడు వెనక నుంచి కుందేలు చెంగమ్మ లేచింది. ఆమె అప్పుడే ఈనింది. పిల్లలింకా కళ్ళు తెరవలేదు.

"ఓడినవాళ్ళు ఎక్కడుండాలి జంబులింగం అన్నా?"

"బయట చెట్లు లేవా చెల్లెమ్మా?"

"బయట వాన ఒక్కటే అయితే తడిసి ఊరుకుందుం. గడప దాటితే కట్టుబాటు లేదు. అవతల తోడేళ్ళు తిరుగుతున్నాయి."

"అయితే బాగా ఆడు. నా ఉపన్యాసాలకు ఒక్కనాడైనా వచ్చావా? వచ్చుంటే ఈ బాధ ఉండేది కాదు."

అందరూ నవ్వారు. చెంగమ్మ నవ్వలేదు. ఇంటికి వెళ్ళి పిల్లలకు పాలిచ్చి, తిరిగొచ్చి పోటీలో పేరు చెప్పింది.

పోటీ మొదలైంది. చెంగమ్మకు శాస్త్రం తెలియదు కాబట్టి రెండు బిళ్ళలు కలవగానే కోట మూసేసేది. మూడు బిళ్ళలు కుదిరితే అది పండగ. అవతలివాళ్ళు మహాసామ్రాజ్యాలు మొదలుపెట్టి సున్నాతో లేచేవారు. ఓడిన మేకపోతు గడ్డం సవరించుకుంటూ, "పాయింట్లు ఆవిడకొచ్చాయి గానీ, ఆట నాది" అన్నాడు. "ఔనౌను, అదీ ఒక ఆటేనా" అన్నాయి దూలం మీది కాకులు. ఏకాంబరం మాత్రం పాయింట్లు చూసి చెంగమ్మను పై ఆటకు పంపాడు.

ఖాళీ దొరికినప్పుడు ఆమె జంబులింగం ఆట చూడ్డానికి వెళ్ళింది. ఎప్పటిలాగే చివర్లో గొడవ రేగింది. అందరూ గొడవ వైపు చూశారు. చెంగమ్మ నేల వైపు చూసింది. నక్క చెయ్యి కదలడం, కోట మూసుకోవడం కళ్ళారా చూసి, ఎవరితోనూ ఏమీ అనకుండా వచ్చేసింది. అరిచి చెబితే నమ్మేదెవరు? గురువు మాటకు ఎదురాడిందని తననే వెలేస్తారు.

ఆఖరి ఆట జంబులింగానికీ చెంగమ్మకీ పడింది.

ఆ మధ్యాహ్నం మబ్బు కమ్ముకొచ్చింది. బట్టీ నిండా జనం. జంబులింగం సీతాఫలం గింజ పెట్టి కోట మొదలుపెట్టాడు. అది పెరిగి పెరిగి గోడ వార దాకా పోయింది, అక్కడి నుంచి మలుపు తిరిగి గడప దగ్గరికొచ్చింది. ప్రతి బిళ్ళకూ గురవమ్మ మంద చేత "మూస్తే ముష్టి, పెంచితే పుష్టి!" అని మూడేసి సార్లు అనిపించింది. మరోవైపు చెంగమ్మ చింతపిక్క పెట్టి రెండు బిళ్ళల కోట ఒకటి, మూడు బిళ్ళల కోట ఒకటి మూసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది.

గుట్ట అడుగంటింది. జంబులింగం కోటకు ఒక్క మూల బిళ్ళ పడితే చాలు. అది వాడి తోక కిందే ఉంది, పొద్దున్నే ఏరి దాచుకున్నాడు. ఇక కావలసిందల్లా గొడవ.

"అదేమిటీ, కోటపక్షం వాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు?" అన్నాడు. "బాటపక్షానికి ఆపాటి మర్యాద లేదా?"

"ఇవాళ మాకు పక్షాలు లేవు గురువుగారూ!" అంది గురవమ్మ. "మీ ఆఖరి ఆట అని అందరం ఒక్కటైపోయాం. రెప్ప కూడా వేయడం లేదు."

నిజమే. ఎవరూ రెప్ప వేయడం లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి జంబులింగానికి తన అభిమానుల్ని చూస్తే భయమేసింది. కానీ ఇరవై బిళ్ళల కోట, బట్టీ నిండా ఒంటరి నిద్ర. ఆశ చావలేదు. గుట్టలోంచి ఒక బిళ్ళ తీసినట్టే తీసి, తోక కింది మూల బిళ్ళ పైకి తెచ్చాడు. ఏకాంబరం అది చూశాడు. తోక కింద నుంచి తీయకూడదని ఏ నియమంలోనైనా ఉందా అని ఆలోచించాడు. లేదు. ఊరుకున్నాడు.

వాడి చెయ్యి కోట మూల మీదికి వంగబోతుంటే చెంగమ్మ నెమ్మదిగా అడిగింది.

"అన్నా, ఉపన్యాసాలకు రాని దాన్ని, తెలియక అడుగుతున్నాను. మూసేస్తున్నావా?"

గొర్రెలన్నీ మెడలు ముందుకు చాచాయి.

"మూయకేం చేస్తాను? గుట్ట అయిపోవస్తుంటే!" అన్నాడు నక్క, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"అంతేలే. నా పిల్లలకు అదే చెబుతాను. గురువుగారు కూడా చివరికి మనలాగే మూశారర్రా అని."

"మనలాగే" అన్న మాట గురవమ్మకు శూలంలా తగిలింది. ఒక్క దూకు దూకి నక్క ముందు అడ్డంగా నిలబడింది.

"వద్దు గురువుగారూ! ఎవరో మీ మీద చేతబడి చేశారు. మీరు మూయడమేమిటి?"

"తప్పుకో గురవమ్మా. ఇప్పుడు మూయాలి."

"ఎప్పుడూ మూయకూడదని కదా సూత్రం!"

"ఆ సూత్రం చెప్పింది నేనే!"

"మీరే చెప్పారు కాబట్టే మీరు తప్పుతుంటే చూడలేం!" అని మేకపోతు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "జంబులింగం గారి అసలు భావం మీకిప్పుడు అందడం లేదు. స్థిమితంగా కూర్చోండి, మేం వివరిస్తాం."

"నా భావం నాకు మీరు వివరిస్తారా?" నక్క గొంతు కీచుగా పలికింది. "ఒరే వెధవల్లారా, అది మిమ్మల్ని..." అనబోయి నాలిక కరుచుకున్నాడు. మిమ్మల్ని ఓడించడానికి చెప్పిన మాటరా అంటే, ముందున్నవి కొమ్ములు, వెనకున్నవి ముళ్ళు. మింగలేడు, కక్కలేడు.

ఆ తడబాటులో గురవమ్మ మూల బిళ్ళ నోట కరుచుకుని మందలోకి పరిగెత్తింది. గొర్రెలు దాని చుట్టూ మూగాయి. గురువుగారిని పతనం నుంచి కాపాడామని ఒకదాన్నొకటి నాకుకున్నాయి.

"ఏకాంబరం గారూ! నా బిళ్ళ!" అని అరిచాడు జంబులింగం.

"వంతుకు ఒకటే బిళ్ళ. మీరు తీశారు, అది పోయింది. వంతు అయిపోయింది" అన్నాడు ఏకాంబరం.

"సూత్రం నాది కదయ్యా! దాన్ని నేను రద్దు చేస్తున్నాను!"

"చెప్పేదాకా మీది. చెప్పాక సంఘానిది" అని ముళ్ళు ఒకసారి విదిలించాడు. జంబులింగం రెండడుగులు వెనక్కి వేశాడు.

మిగిలిన ఒకటి రెండు బిళ్ళలూ పడ్డాయి. గోడ వార నుంచి గడప దాకా పరుచుకున్న మహాకోట ఒక్క మూల నోరు తెరుచుకుని ఉండిపోయింది. జంబులింగానికి సున్నా, చెంగమ్మకు అయిదు. బట్టీ ఆమెదైంది. ఓడినవాళ్ళంతా పందెం ప్రకారం గడప బయటికి నడిచారు.

అప్పుడే పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. గెలిచిన చెంగమ్మ ఏం చెబుతుందోనని అందరూ బిక్కమొహాలు వేసుకుని చూశారు. ఆమె పిల్లల్ని ఒక్కొక్కదాన్నే నోట పట్టుకొచ్చి వెచ్చని మూల చూసి పడుకోబెట్టింది.

"నిలబడ్డారేం? తడుస్తున్నారు, లోపలికి రండి. ఎప్పటిలాగే సర్దుకుందాం. ఏకాంబరం గారూ, మీరు మాత్రం కాస్త అటు తిరిగి పడుకోండి."

అందరూ బిలబిలమని లోపలికొచ్చారు. రెట్టింపు వేగంతో చర్చ మొదలైంది. గురువుగారు ఎందుకు ఓడారు? తెలియక ఓడారంటే ఎవరికీ మనసొప్పలేదు. చీకటి పడకముందే మేకపోతు తేల్చేశాడు. "ఓడడమే ఆయన ఎత్తు. మూయడానికి వెళ్ళినట్టు నటించి మన భక్తిని పరీక్షించారు." కోటపక్షం, బాటపక్షం రెండూ ఔనన్నాయి. గురవమ్మ ఆనందంతో ఏడ్చింది.

జంబులింగం అంతదాకా తుమ్మచెట్టు కింద అలిగి నిలబడి ఉన్నాడు. ఎవరైనా వచ్చి బతిమాలతారని చూశాడు. ఎవరూ రాలేదు. బొచ్చు తడిసి ఒంటికి అంటుకుపోయి పిల్లి అంత అయ్యాక, సిగ్గు చంపుకుని గడప దగ్గరికొచ్చాడు.

"గురవమ్మా, కాస్త జరుగు. తడిసిపోతున్నాను."

గురవమ్మ జరగలేదు. ముందు కాళ్ళు వంచి దణ్ణం పెట్టింది.

"ఇంకా పరీక్షిస్తున్నారా గురువుగారూ? మూత కిందికి మీరొస్తారా? పైకప్పు కూడా ఒక మూతే కదా!"

"పాపం, రానివ్వండమ్మా, వణుకుతున్నాడు" అంది లోపల నుంచి చెంగమ్మ.

"నీకు తెలియదులే చెంగమ్మా. ఆయన్ని రానిస్తే ఆయన శాస్త్రం ఏమైపోతుంది?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. నక్క ఎంత గోల పెట్టినా ఆ రొద వానలో కలిసిపోయింది. వినపడిన కాస్తా కొత్త సూత్రమేమోనని లోపల గొర్రెలు వల్లె వేయడం మొదలుపెట్టాయి.

నీతి: అమాయకులకు అబద్ధం నేర్పేవాడు, వాళ్ళు దాన్ని మరిచిపోరని గుర్తుంచుకోవాలి.