అవధానిగారి ఇరవై వేల ఇంగ్లీషు మాటలు

నీలాద్రిపురం జమీందారు జగపతిరాజుగారికి ఉన్నట్టుండి పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటల మీద మోజు పుట్టింది. వారం తిరక్కుండా కలెక్టరు దొర పులివేటకు వస్తున్నాడు మరి.

"దొర నోరెళ్ళబెట్టాలి! అంతటి మాటలు వచ్చినవాడే ఇకమీదట మన దుబాసీ," అన్నారు సభలో.

పాత దుబాసీ గవరయ్య గుండెల్లో రాయి పడింది. పాతికేళ్ళుగా దొరలతో రాజుగారి తరఫున మాట్లాడుతున్నది అతనే. వచ్చిన మాటలు మాత్రం మూడొందలకు మించవు.

సభలోని పండితుడు వామనావధాని శాలువా సవరించుకున్నాడు.

"ప్రభూ, ఇంగ్లీషు నిఘంటువు మొత్తం నాకు కంఠస్థం. ఇరవై వేల మాటలు! గవరయ్యగారివి దొర గుర్రానికి కూడా చాలవు."

సభ గొల్లుమంది.

"విడిచిపెట్టడం?" అడిగారు రాజుగారు.

"అబాండన్!" రెప్పపాటులో వచ్చింది.

"అసహ్యించుకోవడం?"

"అబ్హార్!"

"జగడం?"

అవధాని కళ్ళు మూసుకున్నాడు. పెదవులు గబగబా కదిలాయి. చాలాసేపటికి, "బ్రాల్!" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. గవరయ్య మాత్రం ఆ పెదవులే చూశాడు. ఏడెనిమిదులెంతరా అంటే ఏడొకట్ల ఏడు నుంచి ఎత్తుకునే బడిపిల్లాడు గుర్తొచ్చాడు.

"ప్రభూ, నాదీ ఒక్క పరీక్ష," అంటూ లేచాడు. "తమరే దొరగారు. అడవిలో కూర్చున్నారు. నేను పులిని. వెనక పులి ఉందని అవధానిగారు ఇంగ్లీషులో ఒక్క మాట చెబితే చాలు, నా కొలువు వారిదే."

"ఓస్, అంతేనా!" అన్నాడు అవధాని.

గవరయ్య తలపాగా పక్కన పెట్టి, మోకాళ్ళ మీద వంగి గాండ్రించాడు.

అవధాని కళ్ళు మూసుకున్నాడు. "అబాండన్... అబేస్... అబాష్..."

పులి గద్దె మొదటి మెట్టెక్కింది.

"త్వరగా చెప్పవయ్యా!" అన్నారు రాజుగారు కాళ్ళు ముడుచుకుంటూ.

"మధ్యలో పలకరించకండి ప్రభూ, మళ్ళీ మొదటికొస్తుంది! అబాండన్... అబేస్..."

పులి గద్దె ఎక్కి రాజుగారి కాలు పట్టేసింది.

"మహాప్రభో, దొరగారిని తినేశాను. అవధానిగారు ఇంకా మొదటి అక్షరమే దాటలేదు!"

సభ విరగబడి నవ్వింది. అవధానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ, "కొలువు నీదేనయ్యా. రోజుకు ఐదు మాటలు నాకూ నేర్పు, అవసరానికి నోటికొచ్చేవి," అని, తన పచ్చల ఉంగరం తీసి పులి వేలికే తొడిగారు.