పాతపేట వంకర సందులు

ఎండకూ ఇసుకకూ కొదవలేని ఒకానొక రాజ్యాన్ని శూరభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. మనసు మంచిదే. కానీ తనకు తెలియనిది లేదన్న ధీమా మాత్రం ఆయన కిరీటం కంటే బరువు.

రాజధానికి పడమటంతా ఇసుక మేటలు. వేసవి వచ్చిందంటే పడమటి గాలి ఆ ఇసుకను ఎత్తుకుని ఊరి మీద పడేది. కోటకు ముందు పాతపేట ఉండేది. అక్కడి సందులన్నీ వంకరలే. పదడుగులు వేస్తే ఒక మలుపు. పొరుగు రాజు కానుకగా పంపిన ఏనుగు ఒకసారి ఆ మలుపుల్లో ఇరుక్కుపోయి అరగంట ఘీంకరించింది. అప్పట్నుంచి రాజుగారికి పాతపేట అంటే తలవంపులుగా ఉండేది.

అందుకని పాతపేటకు అవతల, పడమటి ద్వారం దాకా, తానే తాడు పట్టి బాణంలాంటి తిన్నని రాజవీధి గీయించాడు. రెండు వైపులా ఇళ్లు, ప్రతి గుమ్మమూ వీధిలోకే.

"తలుపు తీయగానే ప్రజలకు నా రథం కనబడాలి!" అన్నాడు.

కొన్ని కుటుంబాలను అక్కడికి మార్పించి, ఆపైన చాటింపు వేయించాడు: "వచ్చే నెల పాతపేట పడగొట్టి రాజవీధిని నా సింహాసనం దాకా పొడిగిస్తాం. అడ్డు చెప్పినవారికి దేశబహిష్కారం!"

ఆ రాజు కొలువులో విస్సన్న అనే మాటకారి ఉండేవాడు. భార్య పోయాక ఒక్కగానొక్క కూతురు గౌరాంబను తల్లీ తండ్రీ తానే అయి పెంచాడు. అల్లుడు సరిహద్దు కోటలో కాపలా. గౌరాంబకు ఇల్లు రాజవీధిలో వచ్చింది. బిడ్డను కని ఇంకా నెల తిరగలేదు.

ఒక మధ్యాహ్నం విస్సన్న కూతురి ఇంటికి వెళ్లాడు. గౌరాంబ తడిపిన చీరను ఉయ్యాల మీద కప్పి, దాని అంచులు పట్టుకుని కూర్చుని ఉంది. గచ్చు మీద ఇసుక చారలు చారలుగా పరుచుకుంది.

"పొద్దుట్నుంచి నాలుగుసార్లు ఊడ్చాను నాన్నా. తలుపు మూస్తే బిడ్డకు ఊపిరాడదు. తీస్తే ఇసుక. పాలు పడుతుంటే దాని నోట్లో కూడా కరకరమంటోంది."

విస్సన్న చీర తొలగించి చూశాడు. మనవరాలి కనురెప్పల మీద సన్నని ఇసుక. మెడ ముడతల్లో ఇసుక. పంచె కొస తడిపి, నెమ్మదిగా, నిద్ర చెదరకుండా తుడిచాడు.

"మీరు రాజుగారికి చెప్పకూడదా?" అంది గౌరాంబ.

"చెబితే వినరు తల్లీ. కళ్లతో చూస్తే వింటారేమో. కాస్త బంకమట్టి కలుపుతావా?"

తండ్రీ కూతుళ్లు ఉయ్యాల పక్కనే కూర్చుని రెండు రోజులు మట్టి ఇళ్లు చేశారు.

మూడోనాడు విస్సన్న పెద్ద పళ్లెం ఒకటి మోయించుకుని సభకు వచ్చాడు. పళ్లెం నిండా బుల్లి రాజధాని. ఒక చివర పడమటి ద్వారం, దాని ముందు గోధుమపిండి కుప్ప. ఇంకో చివర కోట, అందులో సింహాసనం, దాని మీద మీసాలు దువ్వుకుంటున్న చిన్న బొమ్మ.

"ఇది నేనే!" అని రాజు మురిసిపోయాడు. "మరి పాతపేట ఏదీ?"

"తమరు పడగొట్టిస్తున్నారు కదా ప్రభూ, నేను ముందే తీసేశాను. నగరానికి తమ ఊపిరితో ప్రాణం పోయాలని మనవి. పడమటి ద్వారం దగ్గర ఒక్కసారి ఊదండి."

రాజు వంగి, బుగ్గలు పూరించి ఊదాడు. పిండి రాజవీధి వెంట దౌడు తీసి, ఇళ్లన్నిట్లో దూరి, నేరుగా వెళ్లి సింహాసనం మీది బొమ్మను నిలువునా ముంచేసింది.

విస్సన్న గౌరాంబ చేసిన పాతపేట ఇళ్లను కోట ముందు వంకరటింకరగా పేర్చాడు. బొమ్మను తుడిచి, పిండిని మళ్లీ కుప్ప చేశాడు.

"ఇంకొక్కసారి ప్రభూ."

రాజు ఊదాడు. పిండి మొదటి మలుపులోనే చతికిలబడింది. పట్టుదలగా మళ్లీ ఊదాడు. మూడోసారికి ముఖం ఎర్రబడి, ఆయాసంతో కూలబడ్డాడు. బొమ్మ మీద నలుసు కూడా పడలేదు.

"ఈ మలుపులు గీసిన శిల్పి ఎవడు?" అన్నాడు రాజు రొప్పుతూ.

"ఎవరూ గీయలేదు ప్రభూ. ఎప్పుడో ఒక అవ్వ మనవడి ఉయ్యాలకు ఇసుక తగలకూడదని గుమ్మం పక్కకు తిప్పుకుంది. ఆమెను చూసి పక్కింటావిడ తిప్పుకుంది. అలా పేటంతా తిరిగింది. ఇన్నేళ్లుగా తమ సింహాసనం మీద ఇసుక పడకుండా కాసింది ఆ అవ్వలే. ఇప్పుడు రాజవీధిలో ఉయ్యాలలకు ఆ కాపలా లేదు."

రాజు చిన్నబోయి, "గుమ్మాలు తిప్పేస్తే ప్రజలు నన్ను చూసేదెలా విస్సన్నా? నా రథం వస్తుంటే రాజవీధిలో అందరూ కళ్లు మూసుకుని చేతులు జోడిస్తారు. ఎంత భక్తి!" అన్నాడు.

"ప్రభూ, చేతులు జోడించేది తమకు. కళ్లు మూసుకునేది ఇసుకకు."

రాజు పకపకా నవ్వాడు. పిండి అంటిన మీసాలు ఎగిరెగిరి పడేలా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని ఆజ్ఞలిచ్చాడు. పాతపేటలో ఒక్క ఇటుక కూడా కదలకూడదు. రాజవీధిని మలుపులుగా విరవాలి. పడమట వరుసలు వరుసలుగా తడికలు పాతి, వాటి వెనక సరుగుడు నాటాలి. ఈ పనికి పెద్ద విస్సన్నే.

"బహుమానం కోరుకో," అన్నాడు మెడలోని హారం తీస్తూ.

"హారం వద్దు ప్రభూ. వీధి వంగేసరికి వేసవి దాటిపోతుంది. అంతవరకు ఆ ఇళ్ల పసిబిడ్డలకు కోటలో తూర్పు మందిరం ఇప్పించండి."

రాజు హారమూ ఇచ్చాడు, మందిరమూ ఇచ్చాడు. సాయంత్రానికల్లా తూర్పు మందిరంలో పదిహేడు ఉయ్యాలలు వేలాడాయి.

ఆ వేసవంతా మంత్రాలోచన సాగుతుంటే పక్కనుంచి కేరుమని ఏడుపు వినిపించేది. మంత్రులు ముఖాలు చిట్లించేవారు. శూరభూపతి మాత్రం చెయ్యెత్తి మాట ఆపించి, "ఉండండయ్యా, ఎవరికో ఆకలేస్తోంది. ముందు అది చూడండి," అనేవాడు.