పంచదార డబ్బా

దీనమ్మ గారికి ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. మిషనాసుపత్రిలో నర్సులకు పాఠాలు చెప్పే తల నెరిసిన మనిషి. ఎవరేమడిగినా కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చునేవారు. జవాబు దాని కాళ్ళ మీద అదే నడిచొస్తుందని ఆమె నమ్మకం.

ఒక వేసవి ఉదయం ఆమె తన పాత శిష్యురాలు హెప్సీబా దగ్గరికి వచ్చారు. హెప్సీబా ఇప్పుడు మగవాళ్ళ వార్డుకు పెద్ద సిస్టరు. వార్డు అద్దంలా ఉంచుతుంది. చీమలు పడతాయని తీపి వస్తువును గడప దాటనివ్వదు. గోడ మేకుకు తగిలించిన ఖాళీ ట్రేని గురువుగారికి గర్వంగా చూపించింది. తప్పు మందిచ్చిన నర్సు ఆ ట్రేని గుండెలకు ఆనించుకుని ఉదయం ప్రార్థనలో అందరి ముందూ నిలబడాలి. తగిలించి ఏడాదైంది. దించే పని ఒక్కసారీ పడలేదు.

"పక్క వార్డుల్లో ఎప్పుడూ ఏదో తప్పు బయటపడుతూనే ఉంటుందమ్మా. ఇక్కడ ఒక్కటీ లేదు. వాళ్ళు మా పద్ధతి ఎందుకు నేర్చుకోరంటారు?"

దీనమ్మ గారు కళ్ళజోడు తీశారు.

అంతలో ఫ్యాను కింద మంచం మీద వీరాస్వామికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. కాలిపుండుకు కట్టు కట్టించుకుంటున్న మనిషి, తెల్లవారుజామున బాగానే ఉన్నాడు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. హెప్సీబా డాక్టరు కోసం ఆయాను పరుగెత్తించి నర్సుల మీదికి తిరిగింది. ఇతనికి ఏమిచ్చారు, ఎవరిచ్చారు అని గద్దించింది. ఒక్కరూ పెదవి విప్పలేదు. లీలావతి అనే చిన్న నర్సు, నేను కాదు సిస్టర్ అంది గాని, దాని చూపు ట్రే మీదే ఉంది. హెప్సీబా గొంతు పెంచినకొద్దీ వాళ్ళ నోళ్ళు మరింత బిగుసుకున్నాయి. వీరాస్వామి కళ్ళు మూతలు పడుతున్నాయి.

దీనమ్మ గారు లేచి, ట్రే దించి, కాలితో మంచం కిందికి తోసేశారు.

"ఎవరిచ్చారో నాకక్కర్లేదు పిల్లలూ. ఇతనికిప్పుడు ఏం కావాలి?"

"పంచదార" అంది లీలావతి. అని, ఏడ్చేసింది. ఫ్యాను గాలి కోసం వీరాస్వామి, షుగరు జబ్బున్న పక్క ముసలాయన మంచాలు మార్చుకున్నారట. తను రోజూలాగే మంచం చూసి ఇన్సులిన్ సూది వేసిందట. చెబుతూనే బీరువాలో దూది చుట్టల వెనక చెయ్యి పెట్టి, దాచిన పంచదార డబ్బా లాగింది. మిగతా నర్సులు అడక్కుండానే గ్లాసు, నీళ్ళు అందించారు. కలిపి గుక్కగుక్కగా తాగించారు. డాక్టరు వచ్చి నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు.

కాసేపటికి వీరాస్వామి కళ్ళు తెరిచాడు. ప్రాణం పోయినా సరే, ఫ్యాను మాత్రం ఆ ముసలాడికి తిరిగివ్వనని గొణిగాడు.

హెప్సీబా ఊపిరి పీల్చుకుంది. తర్వాత వంగి మంచం కింద ట్రే తీసి, పైటతో దుమ్ము దులిపి, రేపు ప్రార్థనకు రమ్మని లీలావతితో చెప్పబోయింది.

దీనమ్మ గారు పంచదార డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టారు. పెద్ద డబ్బా. పంచదార అడుగంటింది.

"ఏడాదిగా ఒక్క తప్పూ లేదన్నావు. మరి ఇదంతా ఎవరెవరు తాగారే, హెప్సీ?"