కార్జం గుమ్మంలో తట్ట దించిన నూకాలు

ఒకప్పుడు ఏ జబ్బొచ్చినా మనుషుల కళ్ళు పచ్చబడేవి కావు.

అప్పట్లో కార్జం, అదే కాలేయం, మనిషి ఒంట్లో ఒక పెద్ద వాడ. లెక్కలేనన్ని చిన్న గదులు. గదిగదికీ గుమ్మంలో ఒక మనిషి. కార్జంలో ఊరే పచ్చటి పైత్యరసమే పసరు. అది పేగుల్లోకి పోయి, తిన్న నెయ్యీ నూనే అరగదీసి, నెత్తురేటి వెంట ఇంటికి తిరిగొస్తుంది, నెత్తిన చేదు తట్టతో. ఆ తట్ట దించి పసరుని లోపలికి లాగడమే గుమ్మంలో మనిషి పని.

వాళ్ళకో పద్ధతుంది. నెత్తిన బరువున్నోళ్ళని పేరడక్కూడదు. ముందు దించాలి, తర్వాతే మాట.

ఒక గుమ్మంలో నూకాలుండేది. చేతులు చురుకు, నోరింకా చురుకు.

ఒకనాడు వైరసొచ్చింది. కంటికి ఆనని పురుగు. గుండె తలుపు కొట్టింది, ఊపిరితిత్తుల తలుపు కొట్టింది. ఎవరూ తియ్యలేదు. పసరుని చూసి తనూ ఒక తట్ట నెత్తిన పెట్టుకుంది.

"అక్కా, మెడ విరిగిపోతోంది! కాస్త దించవే!"

"అరవకురా. ఏనుగుని మోసుకొచ్చినట్టు!" అంటూ నూకాలు చేతులు చాపింది.

తట్టలో ఏమీ లేదు. వైరసు ఆ చేతులు రెండూ పట్టేసుకుని, వాటితోనే లోపలికెళ్ళిపోయింది. పొయ్యి దగ్గర చతికిలబడి, ఇంట్లోవాళ్ళ పని మానిపించి, తనలాంటోళ్ళనే చేయించడం మొదలెట్టింది.

పక్క గుమ్మం గవరమ్మ కేకేసింది. "ఒదినా! ఎవడ్ని దించావే? మొహం చూసుకోవద్దూ?"

"నువ్వైతే చూసేదానివా?"

గవరమ్మ నెత్తుట్లో తిరిగే కావలోళ్ళని కేకేసింది.

కావలోళ్ళొచ్చారు. "గది కూల్చాలి నూకాలమ్మా. లేకపోతే వాడ మొత్తం పోద్ది. నువ్వు బయటికి రా."

"నా చేతులు దాని పట్టులో ఉన్నాయి. ఎట్టా వస్తాను? కూల్చండి," అంది నూకాలు. "ఒదినా, నా గదికొచ్చే పసరుని నువ్వు దించు. తలుపు మాత్రం ఎయ్యకు."

కూల్చారు. నూకాలు పోయింది.

వాడంతా భయపడి తలుపులేసుకుంది. గవరమ్మా వేసుకుంది. పసరొచ్చి పిలిచింది. "అమ్మా, నేనే. మీ పసర్నే." ఎవరూ పలకలేదు. అది ఏట్లోనే తిరిగి తిరిగి, చోటు దొరక్క కళ్ళల్లోకెక్కి కూర్చుంది. తిన్నది అరక్క, ఆ కార్జం ఉన్న మనిషి మంచం పట్టాడు.

మూడోనాడు గవరమ్మ ఏడుస్తూనే తలుపు తీసింది. ఆమెని చూసి ఒక్కొక్కరే తీశారు. ఈసారి మొహం చూసి దించుదామనుకున్నారు. బరువు కింద వంగినోళ్ళ మొహం ఎవరికి కనపడుద్ది? మళ్ళీ అడక్కుండానే దించుతున్నారు.

అప్పటినుంచే ఆ వైరసు ఒళ్ళంతా వదిలేసి కార్జానికే వస్తుంది, దించే చేతులు పట్టుకునే లోపలికెళ్తుంది. అప్పటినుంచే కామెర్లొస్తే కళ్ళు పచ్చబడతాయి. కూల్చిన గది ఉన్నచోట మచ్చ కడుతుంది. అక్కడ మళ్ళీ ఎవరూ ఉండరు.