జీవరత్నం గారి టోన్ నాబ్

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు దైవసహాయం మాస్టారికి లేదు. గుంటూరు కొత్తపేటలో గిటార్లు బాగుచేసే ఆ మాస్టారి దగ్గర పని నేర్చుకుంటున్న ఇర్ఫాన్‌కు ఆ తీరు మీద లోలోపల కొంచెం ఉక్రోషం కూడా ఉంది. ఆ రోజు అతను అడిగింది చిన్న మాటే.

"మాస్టారూ, బేస్ గిటారుకు ఏ కెపాసిటర్ మంచిది?"

టోన్ నాబ్ కింద ఉండే ఆ చిన్న బిళ్ల, తీగల నాదంలోని పదునును కొంత ఎర్త్‌లోకి దించేస్తుంది. విలువ పెద్దదైతే ఎక్కువ దించుతుంది, చిన్నదైతే తక్కువ. ఇంతవరకు ఇర్ఫాన్‌కూ తెలుసు. నూనె కాగితంతో చేసినది గొప్పదనీ, పింగాణీది దండగనీ ఫోన్లో చూసి నమ్మేశాడు కూడా. అతని తొందరంతా జీవరత్నం గారి గురించి. పెళ్లిళ్లలో వాయించే ఆర్కెస్ట్రాలో, మీసం మొలిచినప్పటినుంచీ ఆయనదే బేస్. ఈమధ్య ఆయన వాయిస్తే చెవుల్లో గుచ్చుకుంటోందని జనం గొణుగుతున్నారు. రేపటి పెళ్లిలోనూ ఇదే తంతైతే వేరే మనిషిని చూసుకుంటానని ఆర్కెస్ట్రా యజమాని మొహం మీదే చెప్పేశాడు. "గుచ్చుకోవడమేంటి బాబూ, గిటారు మూగబోతే! వాళ్ల చెవులకే ఏదో అయింది" అంటారు జీవరత్నం గారు. పదును చాలడం లేదని ఆయన అడిగినప్పుడల్లా ఇర్ఫాన్ ఇంకాస్త చిన్న కెపాసిటర్ వేసి పంపిస్తూ వచ్చాడు.

ఆ సాయంత్రం ఆయన మళ్లీ వచ్చారు. మాస్టారు గిటారు వెనక మూత విప్పి, ఇర్ఫాన్ చూస్తుండగానే కెపాసిటర్ కాలు కట్టర్‌తో కత్తిరించేశారు. ఇక అందులో పదును తగ్గించేది ఏదీ లేదు. నాబ్ తిప్పినా తిప్పకపోయినా ఒకటే.

"స్పీకరుకు తగిలించి వాయించు జీవరత్నం."

తీగ గిటారు మెడ మీది లోహపు పట్టీలకు తగిలి గరగరలాడింది. వేలు జారినప్పుడల్లా కీచుమంది. ఇర్ఫాన్ ముఖం చిట్లించుకున్నాడు. వాయిస్తున్నంతసేపూ మాస్టారు గిటారు వైపు చూడలేదు, ఇర్ఫాన్‌నే చూస్తూ కూర్చున్నారు.

జీవరత్నం గారు తల అడ్డంగా ఊపారు. "ఇంకా దుప్పటి కప్పినట్టే ఉందయ్యా. ఇంకాస్త చిన్నది లేదూ?"

ఇర్ఫాన్‌కు అప్పుడు అర్థమైంది. పదును గదినిండా ఉంది. అది ఆయన చెవులకు అందడం లేదు. ఇన్నాళ్లూ తాను బాగుచేస్తున్నాననుకుని ఆయన్ను జనంలో చెడగొట్టాడు.

మాస్టారు మొదట్లో ఉన్న విలువ గల కెపాసిటర్‌నే తిరిగి వేశారు. జీవరత్నం గారిని వాయించమని, ఇర్ఫాన్ "చాలు" అనేదాకా నాబ్ తిప్పి, అది కదలకుండా టేపు అంటించారు. "రేపు దీన్ని ముట్టుకోకు. జనానికి ఇదే బాగుంటుంది."

"మరి నాకు వినబడొద్దూ?"

జీవరత్నం గారు ఇద్దరి ముఖాలూ చూశారు. "మీకు వినబడుతోందా?" అన్నారు మెల్లగా.

మాస్టారు ఇర్ఫాన్ వైపు తిరిగారు. ఇర్ఫాన్, "వినబడుతోందండీ" అన్నాడు.

జీవరత్నం గారు గిటారును సంచిలో పెట్టుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా మెట్లు దిగారు. రేపు స్టేజీ మీద ఆయన చోటు నిలబడవచ్చు. కానీ తన వాయిద్యం ఎలా ఉందో ఇకమీదట ఎవరో చెబితే నమ్మాల్సిందే. అది తలుచుకుంటే ఇర్ఫాన్‌కు ఏడుపొచ్చింది.

"ఆయనకు పనికొచ్చే కెపాసిటర్ ఎక్కడైనా దొరుకుతుందేమో మాస్టారూ. హైదరాబాదులో గానీ, ఇంకెక్కడైనా గానీ."

మాస్టారు సోల్డరింగ్ ఐరన్ ఆపేశారు. "అన్నీ తీసేసేవే నాయనా. పోయింది తెచ్చిపెట్టేది ఒక్కటి ఉన్నా, ముందు నా చెవులకే పెట్టుకునేవాణ్ణి."